భద్రత మన హక్కు - జాగ్రత్త మన బాధ్యత

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏడూ కవితలు, కథలు, పదో తరగతి ఫలితాలు, పాత విద్యార్థుల జ్ఞాపకాలు అచ్చవుతుంటాయి. ఈసారి కూడా అవన్నీ ఉన్నాయి. వాటి మధ్య పాముకాటు గురించి, కరెంటు షాక్ గురించి, వంటగదిలో గ్యాస్ గురించి ఒక వ్యాసం ఎందుకని సంచిక కమిటీ సమావేశంలోనే కొందరు మిత్రులు అడిగారు. పండుగ పూట ఇలాంటి మాటలేమిటన్నారు. మేము మాత్రం ఇది రాయాల్సిందేనని నిర్ణయించుకున్నాం. మార్కులైనా, ర్యాంకులైనా, రేపటి ఉద్యోగాలైనా ప్రాణం ఉంటేనే గదా. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు అలవాటైపోయింది. ఆ అలవాటు మానుకుందామని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

సంక్షేమ హాస్టళ్లలో ఉండేది ఎవరి పిల్లలం? కూలికి పోయేవాళ్ల పిల్లలం. చెరుకు కోతకో, ఇటుక బట్టీలకో, మేస్త్రీ పనికో ఊరు విడిచి వలస పోయేవాళ్ల పిల్లలం. "మావాడు హాస్టల్లో ఉన్నాడు, వేళకింత తింటాడు, చదువుకుంటాడు" అన్న ధీమాతోనే మన అమ్మానాన్నలు అక్కడ రాత్రిపూట కన్ను మూస్తారు. ఆ ధీమా వమ్ము కాకుండా చూడాల్సిన పని మొదట ప్రభుత్వానిది, ఆ తర్వాత మనందరిది.

పగటిపూట హాస్టల్లో వార్డెన్ సారు ఉంటారు, కుక్ ఉంటాడు, కమాటి ఉంటాడు, సాయంత్రం ట్యూటర్ వస్తారు. రాత్రి తొమ్మిది దాటాక పరిస్థితి వేరు. చాలా హాస్టళ్లలో వార్డెన్ టౌన్లో ఉంటారు. ఉంటే ఒక వాచ్‌మెన్ ఉంటాడు, కొన్నిచోట్ల ఆ పోస్టు కూడా ఖాళీయే. అప్పుడు చిన్న తరగతుల తమ్ముళ్లకు పెద్ద దిక్కు పదో తరగతి అన్నే. ఆ అన్నకు పదిహేనేళ్లు. అతనికి ఏం చేయాలో తెలిసి ఉంటే ఒక ప్రాణం నిలబడుతుంది, తెలియకపోతే పోతుంది. ఈ వ్యాసానికి అదే కారణం.

తలుపు సంగతి

2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక బడి తగలబడింది. మధ్యాహ్న భోజనం వండే చోట మంట లేచి తాటాకు కప్పుకు అంటుకుంది. 94 మంది పిల్లలు చనిపోయారు. మంట ఒక్కటే వాళ్లను చంపలేదు. ఇరుకు మెట్లు, బయటికి పోవడానికి సరైన దారి లేకపోవడం కూడా చంపాయి. ఆ దుర్ఘటన మీద నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్ 13న తీర్పు చెప్పింది. చదువుకునే హక్కు అంటే సురక్షితమైన బడిలో చదువుకునే హక్కు కూడా అని ఆ తీర్పు సారాంశం. బడులలో మంటలార్పే పరికరాలు ఉండాలని, సిబ్బందికి వాటిని వాడటం నేర్పాలని కోర్టు చెప్పింది. కనుక భద్రత గురించి అడగడం గొంతెమ్మ కోరిక కాదు. అది రాజ్యాంగం మనకిచ్చిన హక్కులో భాగం.

ఇప్పుడు మన హాస్టళ్ల తలుపులు చూద్దాం. కిటికీలకు ఇనుప చువ్వలు. రెండు తలుపులుంటే ఒకదానికి అడ్డంగా బియ్యం బస్తాలో, విరిగిన బెంచీలో, ట్రంకు పెట్టెలో పేర్చి ఉంటాయి. రెండో తలుపుకు రాత్రి తాళం పడుతుంది. తాళంచెవి వాచ్‌మెన్ జేబులో ఉంటుంది. వాచ్‌మెన్ గేటు దగ్గరో, టీ కొట్టు దగ్గరో ఉంటాడు. తాళం వేయొద్దని మేము అనడం లేదు. దొంగల భయం ఉంది, ఆడపిల్లల హాస్టళ్లలో బయటివాళ్ల భయం ఇంకా ఎక్కువ. గోడ దూకి సెకండ్ షోకు పోయేవాళ్లు కూడా ఉన్నారు, కాదనం. మేము అనేది ఒక్కటే - పిల్లలు పడుకున్న గదికి తాళం బయటినుంచి ఉండకూడదు. గడియ లోపలివైపు ఉండాలి. తాళమే వేయాల్సి వస్తే ఒక చెవి లోపలే, అందరికీ తెలిసిన చోట, తలుపు పక్క మేకుకు వేలాడాలి. రెండో తలుపుకు అడ్డం ఉన్న సామానంతా ఇవాళే తీసెయ్యాలి. ఒక కిటికీ గ్రిల్లునైనా లోపలినుంచి తెరుచుకునేలా కమ్మరితో చేయించాలి. వీటిలో ఏ ఒక్కదానికీ పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

నెలకోసారి డ్రిల్ చేద్దాం. ఆగకుండా గంట మోగితే చదువు, అన్నం, నిద్ర ఏదున్నా వదిలేసి జెండా దిమ్మె దగ్గరికి చేరాలి. పెట్టె కోసం, పుస్తకాల కోసం ఎవరూ వెనక్కి పోకూడదు. గది లీడర్లు తమ గదివాళ్ల తలలు లెక్కపెట్టి చెప్పాలి. పెద్దవాళ్లు ఒక్కొక్కరు ఒక చిన్న తమ్ముడి చెయ్యి పట్టుకుని రావాలి. కాలు బాగాలేని తమ్ముడు, జ్వరంతో పడుకున్న తమ్ముడు ఎవరి వంతో ముందే పేర్లు రాసి పెట్టుకోవాలి. ఒకసారైనా ఈ డ్రిల్ రాత్రిపూట, లైట్లు ఆర్పేసి చేయాలి. పొగ కమ్మితే నిలబడి పరుగెత్తకూడదు. పొగ పైకి లేస్తుంది గనుక కింద గాలి కాస్త బాగుంటుంది. తడి తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని పాకుతూ రావాలి. ఒంటిమీద బట్టలకు నిప్పంటుకుంటే ఉరకడం వల్ల మంట పెద్దదవుతుంది. నేలమీద పడి దొర్లాలి, పక్కవాళ్లు మందపాటి దుప్పటి కప్పాలి.

కరెంటుతో ఆటలొద్దు

కరెంటు షాక్ కొట్టే అవకాశం హాస్టల్లో మూడు చోట్ల ఎక్కువ. మొదటిది బట్టలారేసే దండెం. చాలాచోట్ల దండేనికి ఇనుప తీగ కడతారు. ఆ తీగ ఎక్కడో సర్వీసు వైరుకో, రేకుల షెడ్డుకో తగులుతుంటుంది. సర్వీసు వైరు పైతొక్క ఊడిందంటే దండెం అంతా కరెంటే. తడి చేతులతో తడి చొక్కా ఆరేయబోయిన మనిషి అక్కడే కూలిపోతాడు. పల్లెల్లో ఈ కారణంతో తల్లి పోతే, కాపాడబోయిన కొడుకు కూడా పోయిన వార్తలు ప్రతి వానాకాలం పేపర్లో చదువుతూనే ఉన్నాం. దీనికి మందు పది మీటర్ల నైలాన్ తాడు. ఇనుప తీగ దండేలన్నీ తీసేసి తాడు కట్టుకుందాం. అదీ కరెంటు వైర్లకు దూరంగా కట్టాలి.

రెండోది నీళ్లు కాచుకునే హీటర్ రాడ్. చలికాలంలో దొంగతనంగానైనా ఎవరో ఒకరు పెడుతూనే ఉంటారు. స్విచ్ వేసి ఉండగా నీళ్లు కాగాయో లేదో వేలు పెట్టి చూడటం ప్రాణాంతకం. స్విచ్ ఆపి, ప్లగ్ తీశాకే బకెట్ ముట్టుకోవాలి. ఇనుప బకెట్లో రాడ్ అసలే పెట్టకూడదు. మూడోది ప్లగ్ లేకుండా వైర్ల కొసలు అగ్గిపుల్లలతో బోర్డులో గుచ్చి సెల్ ఛార్జింగ్ పెట్టడం, మోటారు వేయడం. తెలివితేటలనుకుని చేసే ఈ పనికి మూల్యం చాలా పెద్దది.

ఎవరికైనా షాక్ కొడితే ముట్టుకోవద్దు. ముందు మెయిన్ ఆపాలి. మెయిన్ ఎక్కడుందో మన హాస్టల్లో ఎంతమందికి తెలుసో ఈ వారం అడిగి చూడండి. మెయిన్ అందుబాటులో లేకపోతే పొడి చెక్కమీద నిలబడి పొడి కర్రతో వైరును నెట్టాలి. మనిషి పిలిస్తే పలకకుండా, ఊపిరి సరిగా ఆడకుండా ఉంటే ఒకరు 108కి ఫోన్ చేస్తుండగా ఇంకొకరు ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. రొమ్ము నడిమధ్యన అరచేతి మడమ పెట్టి, రెండో చెయ్యి పైన వేసి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా, వేగంగా నొక్కాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఆపకూడదు. అలసిపోతే మార్చుకోవాలి.

వైరింగ్ పాతబడ్డ ప్రతి హాస్టల్లో ఎర్త్ సరిచేయాలి. లీకయ్యే కరెంటును పసిగట్టి క్షణంలో సప్లై ఆపేసే ఈఎల్‌సీబీ పరికరం పెట్టాలి. మనిషి ప్రాణం కాపాడేందుకు 30 మిల్లీ ఆంపియర్లకే పడిపోయే రకం ఉంటుంది. దాని ఖర్చు కొన్ని వేల రూపాయలకు మించదు. ప్రాణం పోయాక ఇచ్చే నష్టపరిహారంలో అది ఎన్నో వంతో లెక్క వేసుకోవచ్చు.

వంటగది, అన్నం పళ్లెం

కుంభకోణంలో పిల్లలు చనిపోయిన తొమ్మిదేళ్లకు, సరిగ్గా అదే తేదీన, 2013 జూలై 16న బీహార్‌లోని సారణ్ జిల్లా ధర్మసతి గండామన్ గ్రామంలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. పత్తి చేలున్న మన ఊళ్లలో ఆ మందు పేరు తెలియనివాళ్లు లేరు. కూర రుచి తేడాగా ఉందని పిల్లలు అన్నా తినక తప్పలేదని అప్పటి పత్రికలు రాశాయి. దీన్నుంచి మనం నేర్చుకోవాల్సినవి రెండున్నాయి. పురుగుమందు డబ్బాను కడిగి నూనెకు, నీళ్లకు, పప్పుకు ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడదు, స్టోరు గదిలో ఎలుకల మందు బియ్యం పక్కన ఉండకూడదు. అంతకంటే ముఖ్యం, అన్నం తేడాగా ఉందని ఆరో తరగతి పిల్లాడు చెప్పినా వినాలి. "నీకు ఇంట్లో ఇంతకంటే మంచిది దొరుకుతుందా?" అని నోరు మూయించకూడదు. ఆ మాట అన్నవాళ్లెవరైనా సరే, అది అవమానమే కాదు, ప్రమాదం కూడా.

వడ్డించే ముందు పెద్దవాళ్లు ఒకరు తిని చూడటం, ప్రతి వంటకం నుంచి కాస్త తీసి మూతపెట్టి దాచడం కచ్చితంగా జరగాలి. రేపు ఎవరికైనా వాంతులైతే కారణం పట్టుకోవడానికి అదే ఆధారం. మెస్ కమిటీ పిల్లలు వంతులవారీగా దీన్ని చూడాలి. నీళ్ల ట్యాంకు, సంపు కడిగిన తేదీ దానిమీదే రంగుతో రాయాలి. వాంతులు, విరేచనాలు మొదలైతే నీళ్లు తాగనివ్వకుండా ఎండబెట్టడం తప్పు. ఓఆర్‌ఎస్ పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ స్పూన్ల చక్కెర, అర టీ స్పూను ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగించాలి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో శరణార్థుల శిబిరాల్లో కలరా వస్తే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లతోనే వేలమందిని బతికించారు. అంత సులువైన మందు మన చేతిలో ఉంది. ఒకేసారి ముగ్గురు నలుగురికి వాంతులైతే మాత్రం తెల్లారేదాకా చూడకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

గ్యాస్ వాసన వస్తే స్విచ్ వేయొద్దు, వేసి ఉన్నది ఆపనూ వద్దు. చిన్న నిప్పురవ్వ చాలు. వంట గ్యాస్ గాలికంటే బరువు గనుక నేలమట్టాన నిలుస్తుంది. తలుపులు, కిటికీలు తీసి, సిలిండరు రెగ్యులేటరు కట్టేసి, అందరినీ బయటికి పంపి 1906కు ఫోన్ చేయాలి. మూకుట్లో నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదు, పోస్తే మంట ఎగజిమ్ముతుంది. స్టౌ ఆపి, పెద్ద మూత పెడితే చాలు. సాంబారు బకెట్ ఒలికి కాలు కాలినవాడికి పేస్టు, సిరా, పిండి పూయకుండా ఇరవై నిమిషాలు కుళాయి కింద చల్లటి నీళ్లు పారించాలి. ఆ తర్వాత శుభ్రమైన బట్ట కప్పి ఆస్పత్రికి.

నేలమీద పడక, వానాకాలం

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక పరిశోధన అంచనా వేసింది. అంటే ఏడాదికి సగటున 58 వేల మంది. సగానికి పైగా మరణాలు వానాకాలంలోనే. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల జాబితాలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. చచ్చిపోయేది ఎక్కువగా పల్లెల్లోవాళ్లే, పేదవాళ్లే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చింది. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024లో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ప్రణాళిక కాగితం మన హాస్టల్ గడప దాకా రావాలంటే మనకూ కొంత తెలిసి ఉండాలి.

మనల్ని ఎక్కువగా కాటేసే విషపాములు నాలుగు - నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. హాస్టల్ పిల్లలు మరీ జాగ్రత్తపడాల్సింది కట్లపాము విషయంలో. అది రాత్రిపూట తిరుగుతుంది. నేలమీద పడుకున్నవాళ్ల పక్కలోకి వస్తుంది. కాటు వేసినా చాలాసార్లు నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా కనిపించదు. కుర్రవాడు తెల్లవారుజామున కడుపునొప్పి అంటాడు. కనురెప్పలు వాలిపోతుంటాయి, మాట ముద్దగా వస్తుంది, మింగడం కష్టమవుతుంది. "రాత్రి కూర పడలేదులే, పడుకో" అని వదిలేస్తే ఊపిరి ఆగిపోతుంది. నేలమీద పడుకున్నవాడికి వానాకాలంలో ఈ లక్షణాలు కనిపిస్తే పాముకాటే అనుకుని కదలాలి.

చేయకూడనివి ముందు చెబుతాం. తాడుతో గట్టిగా కట్టు కట్టొద్దు. బ్లేడుతో కోయొద్దు. నోటితో పీల్చొద్దు. పసరు, మంత్రం, నల్లరాయి అని తిప్పుతూ గంటలు పోగొట్టొద్దు. మంత్రం వేస్తే బతికారని చెప్పేవాళ్లు ఉంటారు. విషం లేని పాము కరిచినా, విషమున్న పాము విషం ఎక్కించకుండా కరిచినా మంత్రం లేకపోయినా బతుకుతారు. పామును చంపి తీసుకుపోవాలని కూడా చూడొద్దు, రెండో మనిషిని కరుస్తుంది. చేయాల్సింది - ధైర్యం చెప్పాలి, కరిచిన చెయ్యి లేక కాలు కదలకుండా కర్ర బద్ద ఆనించి వదులుగా కట్టాలి, ఉంగరం, కడియం, చెప్పులు తీసేయాలి, నడిపించకుండా మోసుకుని ఆస్పత్రికి చేర్చాలి. పాము విషానికి విరుగుడు ఇంజక్షన్ ఒక్కటే మందు. అది సర్కారు ఆస్పత్రిలో ఉచితం. మనకు దగ్గరలో ఆ ఇంజక్షన్ ఉన్న ఆస్పత్రి ఏదో ఇప్పుడే కనుక్కుని గోడమీద రాసుకోవాలి. అప్పటికప్పుడు వెతుక్కుంటే ఆలస్యమవుతుంది.

అన్నిటికంటే కాటు పడకుండా చూసుకోవడం మేలు. పక్క వేసే ముందు దుప్పటి దులపాలి. దోమతెర అంచులు పరుపు కిందికో, చాప కిందికో దోపుకుంటే దోమతోపాటు పాము కూడా రాదు. రాత్రి బాత్‌రూముకు టార్చిలైటు, చెప్పులు లేకుండా పోవద్దు. తిన్న మెతుకులు గదిలో పారేస్తే ఎలుకలొస్తాయి, ఎలుకల వెంట పాములొస్తాయి. ఇది మనం చేసుకోవాల్సిన పని. మంచాలు, దోమతెరలు, బాత్‌రూములకు లైట్లు, తలుపుల కింద సందులు మూయించడం ప్రభుత్వం చేయాల్సిన పని. పిల్లల్ని నేలమీద పడుకోబెట్టి పాములున్నాయి జాగ్రత్త అనడం న్యాయం కాదు.

మరికొన్ని

కుక్క కరిస్తే, గీరినా సరే, పుండును సబ్బుతో పదిహేను నిమిషాలు పారే నీళ్ల కింద కడగాలి. సున్నం, కారం, పసుపు పెట్టొద్దు. అదే రోజు సర్కారు ఆస్పత్రిలో టీకా వేయించుకోవాలి, డాక్టరు చెప్పిన తేదీల్లో మిగతా డోసులన్నీ పూర్తి చేయాలి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతకడం దాదాపు అసాధ్యం. కుక్క కరిచిందని చెబితే తిడతారని దాచే తమ్ముళ్లు ఉన్నారు. తిట్టకుండా ఉండటం పెద్దవాళ్లు చేయగల మొదటి చికిత్స.

ఫిట్స్ వచ్చినవాడి చేతిలో తాళాల గుత్తి పెట్టడం మనవాళ్లకు అలవాటు. దానివల్ల ఉపయోగం లేదు. పక్కనున్న బల్లలు జరిపి, తలకింద మెత్తటి బట్ట పెట్టి, ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో చెంచా, వేలు పెట్టకూడదు, నీళ్లు పోయకూడదు. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108.

ఆదివారం చెరువుకో, కాలువకో, క్వారీ గుంతకో ఈతకు పోవడం అందరికీ ఇష్టమే. క్వారీ గుంతలో అడుగు తీసి అడుగేస్తే లోతు, పట్టుకోవడానికి ఒడ్డు ఉండదు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో రాళ్లమీద నిలబడి ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, పై నుంచి వదిలిన నీళ్లకు కొట్టుకుపోయారు. ఈత రావడం, రాకపోవడం ఒక్కటే కాదు, నీటి సంగతి తెలియాలి. ఒకడు మునుగుతుంటే వెంట దూకి ఇద్దరు ముగ్గురు పోవడం మన జిల్లాల్లో తరచూ వినే వార్తే. దూకడం కాదు, లుంగీలు ముడేసి విసరాలి, కర్ర అందించాలి, మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా విసరాలి.

కనిపించని గాయం

దెబ్బ తగిలితే రక్తం కనిపిస్తుంది. మనసుకు తగిలితే కనిపించదు. పరీక్ష తప్పినవాడు, ఇంటినుంచి చెడ్డ వార్త విన్నవాడు, కులం పేరుతోనో, రంగు పేరుతోనో బడిలో అవమానపడ్డవాడు అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకుంటాడు. వాణ్ని ఆటపట్టించకుండా పక్కన కూర్చుని "ఏమైందిరా తమ్ముడూ" అని అడగడం కూడా ప్రథమ చికిత్సే. "చచ్చిపోవాలనిపిస్తుంది" అని ఎవరన్నా నవ్వుతూ అన్నా తేలిగ్గా తీసుకోవద్దు. ఒంటరిగా వదలొద్దు, నమ్మకమైన పెద్దవాళ్లకు చెప్పాలి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే ఏ వేళనైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బు ఖర్చు లేదు. ఎవరైనా, అది తోటి విద్యార్థైనా, సిబ్బందైనా, చేతులు వేసినా, భయపెట్టినా తప్పు నీది కాదు. 1098కి చెప్పొచ్చు. స్నేహితుడి గుట్టు దాచడం గొప్పే గానీ ప్రాణం మీదికి వచ్చే గుట్టు దాచడం స్నేహం కాదు.

ఫోన్ ఎక్కడ?

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సర్వీసు తర్వాత దేశమంతా పాకింది. మన నేలమీద పుట్టిన ఈ సర్వీసు మనకే అందకపోతే ఎలా? హాస్టల్లో పిల్లలకు సెల్ నిషేధం. చదువు పాడవుతుందని పెట్టిన ఆ నిబంధనను మేము తప్పుపట్టం. కానీ రాత్రి పదకొండుకు ఒకడికి ఊపిరి ఆడకపోతే ఏ ఫోన్‌తో పిలవాలి? హాస్టల్ ఫోన్ ఒకటి, ఛార్జింగుతో, బ్యాలెన్సుతో, బీరువాలో కాకుండా పిల్లలకు అందే చోట రాత్రంతా ఉండాలి. ఇది మా ప్రధాన డిమాండ్లలో ఒకటి.

ఫోన్ పక్కనే గోడమీద పెద్ద అక్షరాలతో హాస్టల్ పూర్తి చిరునామా, గుర్తుగా చెప్పే గుడో, బస్టాపో, వాటర్ ట్యాంకో రాయాలి. కంగారులో సొంత ఊరి పేరు కూడా నోటికి రాదు. ఎక్కడున్నాం, ఏమైంది, ఎంతమందికి, స్పృహ ఉందా - ఈ నాలుగూ చెప్పి, అవతలివాళ్లు పెట్టేయమనేదాకా ఫోన్ పెట్టకూడదు. ఇద్దరు టార్చి తీసుకుని రోడ్డుమీదికి పోయి బండికి దారి చూపాలి. దాని కిందే 112, మంటలకు 101, వార్డెన్, ఏఎన్‌ఎం, దగ్గరి ఆటో నంబర్లు ఉండాలి. ప్రతి విద్యార్థి బ్లడ్ గ్రూపు, ఉన్న జబ్బు, వాడే మందు, ఇంటి ఫోన్ నంబరు ఒక రిజిస్టరులో ఉండాలి.

కొన్ని ప్రశ్నలు, మా జవాబులు

"పిల్లల్ని భయపెడుతున్నారు" అని కొందరు అనొచ్చు. తెలియనిదే భయపెడుతుంది. మెయిన్ స్విచ్ ఎక్కడుందో తెలిసిన పిల్లాడికి భయం తగ్గుతుంది. "వాళ్ల ఇళ్లలో మాత్రం ఇవన్నీ ఉన్నాయా?" అని ఇంకొందరు అంటారు. మా ఇళ్లలో లేకపోవడానికి కారణం పేదరికం. సర్కారు కట్టిన హాస్టల్లో లేకపోవడానికి కారణం నిర్లక్ష్యం. రెండూ ఒకటి కాదు. "తలరాత ఉంటే ఎవరాపుతారు" అనేవాళ్లకు మా జవాబు - కుంభకోణం పిల్లల చావు నుదుటి రాతలో లేదు, ఇరుకు మెట్లలో ఉంది. ఇక "అన్నీ పిల్లలే నేర్చుకుంటే సిబ్బంది ఎందుకు?" అనే ప్రశ్న న్యాయమైనదే. మనం నేర్చుకోవడం సిబ్బందికి బదులు కాదు. రాత్రి వాచ్‌మెన్ పోస్టు ఖాళీగా ఉంచి పిల్లలకు ప్రథమ చికిత్స నేర్పితే అది మోసమే. మనం నేర్చుకుంటూనే అడగాలి, అడుగుతూనే నేర్చుకోవాలి.

పాత విద్యార్థులకు ఒక విన్నపం

అన్నలారా, అక్కలారా! మీలో కరెంటు డిపార్ట్‌మెంటులో పనిచేసేవాళ్లున్నారు. నర్సులు, 108లో పనిచేసేవాళ్లు, ఫైర్ స్టేషన్లో, పోలీసు శాఖలో ఉన్నవాళ్లున్నారు. టీచర్లు, మేస్త్రీలు ఉన్నారు. ప్రతి వార్షికోత్సవానికి మీరు వచ్చి శాలువాలు, స్వీట్లు, మెమెంటోలు తెస్తారు. సంతోషం. ఈ ఏడాది నుంచి దానితోపాటు ఒక రోజు ఇవ్వండి. ఎలక్ట్రీషియన్ అన్న వైరింగ్ చూసి రిపోర్టు రాసివ్వాలి. నర్సు అక్క కట్టు కట్టడం, ఛాతీ నొక్కడం బొమ్మమీద చేయించి చూపాలి. ఫైర్ అన్న మంటలార్పే సిలిండరును పిల్లల చేతే వాడించాలి. మీరు రాసిచ్చిన రిపోర్టు పట్టుకుని మేము అధికారుల దగ్గరికి పోతాం. పిల్లలు నోటితో అడిగితే ఫిర్యాదంటారు, కాగితంమీద లెక్కతో అడిగితే పక్కన పెట్టడం కష్టం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ సంచిక చదివి పెట్టెలో దాచుకునే ముందు మూడు పనులు చేయండి. మీ గది రెండో తలుపు తెరుచుకుంటుందో లేదో తోసి చూడండి. మెయిన్ స్విచ్ ఎక్కడుందో చూసి రండి. దగ్గరి ఆస్పత్రిలో పాముకాటు ఇంజక్షన్ ఉందో లేదో వార్డెన్ సారుతో కనుక్కోండి. మూడింటిలో ఏది లేకపోయినా కాగితంమీద రాసి, అందరూ సంతకాలు పెట్టి ఇవ్వండి. నకలు ఒకటి దాచుకోండి. వచ్చే ఏడాది ఈ పేజీలోనే ఆ కాగితానికి ఏం జవాబు వచ్చిందో అచ్చువేస్తాం.